సార్ కోసం నేసిన వంకర అంచు

మా నాయన ఫోన్ చేస్తే ముందు వాన సంగతి, తర్వాత నూలు సంగతి, ఆ తర్వాతే అసలు సంగతి. ఎప్పుడూ అంతే. మొన్న మాత్రం నేను ఫోన్ ఎత్తగానే, "సారు పోయినాడమ్మా," అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కరే. ఆదోనిలో, తన ఇంట్లో, తన మంచం మీద, తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. కిడ్నీలు పాడై చాలాకాలంగా డయాలిసిస్ చేయించుకుంటున్నారు కాబట్టి ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఏం లాభం? బెంగళూరులో ల్యాబుకు బయలుదేరుతున్నదాన్ని, ఒక కాలికి చెప్పుతోనే గుమ్మంలో కూర్చుండిపోయాను.

ఆయన నాకు డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పారు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే నాకు తోచడం లేదు, అందుకని రాస్తున్నాను. నేను ఇవాళ ఏ పని చేసి అన్నం తింటున్నానో, ఆ పని పేరు మొదట విన్నది ఆయన నోటి నుంచే.

సార్‌ది కోసిగి పక్క పల్లె. అమ్మానాన్నలు కూలీలు. పనులు లేని కాలంలో ఊరు విడిచి వలస పోయేవాళ్ళు. ఆయన హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఆ కష్టాలన్నీ ఎప్పుడైనా చెబుతారేమో అని మేం ఎదురు చూసేవాళ్ళం గానీ ఆయన చెప్పేవారు కాదు. అడిగితే, "అందురూ పడినారు, నేనూ పడినాను, దాంట్లో కెమిస్ట్రీ ఏముండాది?" అనేవారు. ల్యాబులో టైట్రేషన్ చేసి చూపిస్తూ చర్చి పాటలు సన్నగా కూనిరాగం తీసేవారు. రంగు మారే చుక్క దగ్గర పడిందంటే పాట ఆగిపోయేది. మేం ఫ్లాస్కు వైపు కాకుండా ఆయన గొంతు వైపు చెవి పెట్టి, పాట ఆగగానే రీడింగు రాసుకునేవాళ్ళం. ఈ సంగతి తెలిశాక ఆయన ఒకరోజు కావాలని మధ్యలోనే పాట ఆపేశారు. క్లాసంతా తప్పు రీడింగు రాసింది. అంత కొంటె మనిషి.

క్లాసు అయ్యాక బోర్డు ఇంకొకరిని తుడవనిచ్చేవారు కాదు. తన రాత తానే ఒకసారి పైనుంచి కిందిదాకా చదువుకుని, తలూపి, అప్పుడు తుడిచేవారు.

రెండో ఏడాదిలో అధిశోషణం అనే పాఠం ఉండేది. గ్యాసు అణువులు లోహం పైన ఎలా అతుక్కుంటాయి అన్నది దాని సారాంశం. లోపలికి పీల్చుకోవడం కాదు, పైపైన అంటుకోవడం. పుస్తకంలో లోహం పైభాగం అద్దంలా చదునుగా ఉంటుంది, ఏ చోటు అయినా ఒకటే, ఎక్కడ అతుక్కున్నా ఒకే గట్టిదనం. సార్ ఆ పాఠం అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. చెప్పి, సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని బోర్డు మీద మూడు మెట్లు గీశారు.

"ఇప్పుడు సెప్పింది పరీక్షకు. పరీక్షకు చదును రాయండి," అన్నారు. "నిజానికి యాడా చదును ల్యాదు."

ఎంత నున్నగా కోసి మెరుగు పెట్టినా లోహం పైన అణువంత ఎత్తున్న మెట్లు ఉంటాయనీ, గాల్లో తిరిగే గ్యాసు అణువులు ముందు ఆ మెట్ల అంచులనే వెతుక్కుంటాయనీ ఆయన చెబుతుంటే నాకు నమ్మకం కుదరలేదు. నా ముఖం చూసే నన్ను లేపారు. నేను రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. నీ బస్సులో జనం ముందు ఎక్కడ నిలబడతారు అని అడిగారు. ఫుట్‌బోర్డు మీద అన్నాను. లోపల ఖాళీ ఉన్నా? ఉన్నా అక్కడే, సార్. ఎందుకని? పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది కదా, సార్. కండక్టరు ఎంత మొత్తుకున్నా అక్కడ నిండాకే లోపలికి జరుగుతారు అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. "ఇంగ నీకు ఈ పాఠం సెప్పే పని ల్యాదు, కూర్చో," అన్నారు. చిన్న మాటే. కానీ నేత పని చేసుకునే ఇంట్లోంచి వచ్చి, వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చునే నాకు, నా బస్సు కూడా పాఠంలోకి వస్తుందని ఆరోజే తెలిసింది.

దాని ఫలితం ఏమిటంటే, యూనివర్సిటీ పరీక్షలో నేను చదును రాయలేదు. నిజం రాశాను. మెట్లు గీసి, అంచులు గీసి, అన్ని చోట్లూ ఒకటి కావని ఒక పేజీ దండకం చదివాను. దిద్దినవాళ్ళు ఆ ప్రశ్నకు మార్కులు ఊడబీకారు. నాకు ఒళ్ళు మండి సార్ ఇంటికి పోయి, మీ వల్లే ఇదంతా అని గొడవ పెట్టుకున్నాను. ఆయన తీరిగ్గా విని, ముందు మజ్జిగ తాగమన్నారు. తాగాక అన్నారు: "మార్కులు పోతే పోనీ. ఆ మాట మాత్రం పోగొట్టుకోకు."

పోగొట్టుకోలేదు. ఎమ్మెస్సీ అయింది, బెంగళూరులో పీహెచ్‌డీలో చేరాను. నా అదృష్టమో, నేనే వెతుక్కుని పోయానో, నా చేతికి వచ్చిన పని కూడా అదే. గోరంత ప్లాటినం ముక్కను కాస్త ఏటవాలుగా కోస్తే దాని పైన మెట్లు వరుసగా, పద్ధతిగా వస్తాయి. గాలి మొత్తం తోడేసిన ఉక్కు గదిలో ఆ ముక్కను పెట్టి, చిటికెడు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాం. తర్వాత మెల్లగా వేడి చేస్తాం. చదునులో కూర్చున్న అణువులు తొందరగా లేచిపోతాయి. అంచును పట్టుకున్నవి అంత సులభంగా వదలవు, ఇంకా వేడెక్కాకే పోతాయి. అందుకని గ్రాఫులో ఒక గుట్ట రావాల్సిన చోట రెండు గుట్టలు వస్తాయి.

నాకు మొదటిసారి రెండు గుట్టలూ వచ్చిన రోజు నేను ఫోన్ చేసింది మా గైడుకు కాదు, సార్‌కు. రెండు గుట్టలూ ఎక్కడెక్కడ వచ్చాయో ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు.

"నువ్వు సూసినావా?" అని అడిగారు చివరికి.

చూశాను సార్, గ్రాఫు నా ముందే ఉంది అన్నాను.

"గ్రాఫు గాదమ్మా. మెట్టు. మెట్టును సూసినావా?"

లేదని చెప్పాల్సి వచ్చింది. అణువులను చూపించే మిషను అప్పటికి మా ల్యాబులో లేదు. అప్పుడు తెలిసింది నాకు ఆయన కోరిక. అన్నేళ్ళు బోర్డు మీద మెట్లు గీసిన మనిషికి ఒక్కసారి నిజం మెట్టును చూడాలని ఉంది. అంతకు మించి ఆయనకు ఏ ఆశా ఉన్నట్టు నేనెరగను. కొత్త బట్టలు కొనుక్కోమంటే కూడా పాతవి చినగలేదు కదా అనేవారు.

చదువు అయ్యాక అక్కడే ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్ళకు మిషను కూడా వచ్చింది. మొట్టమొదట తెర మీద మెట్లు కనబడిన రోజున, రండి సార్ అని ఫోన్ చేశాను. వస్తానన్నారు. పేపర్లు దిద్దడం అయిపోనీ అన్నారు. తర్వాత, రిటైర్మెంటు కాయితాలు తేలనీ అన్నారు. తర్వాత ఎండలు తగ్గనీ అన్నారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాకు ఫోన్ చేసి, ఆ వారం ల్యాబులో జరిగినదంతా అడిగి తెలుసుకునేవారు. ఒక్క మాట మాత్రం చెప్పేవారు కాదు. షుగరు ఆయన కళ్ళను తినేస్తోందని.

చివరికి ఒకరోజు భార్యతో కలిసి రైల్లో బెంగళూరు వచ్చారు. నేను స్టేషనుకు వెళ్ళాను. అమ్మగారు ముందు దిగారు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, కాలితో మెట్టు వెతుక్కుంటూ సార్ దిగారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "అమ్మాయి వచ్చిందా?" అని ఆమెను అడిగారు. నాకు అక్కడే అంతా అర్థమైంది.

అయినా ల్యాబుకు తీసుకుపోయాను. ఎవరు ఆపినా ఆగేలా లేరు. తెర మీద ప్లాటినం మెట్లు తెల్లగా, వరుసగా, ఎంత అందంగా వచ్చాయో ఆరోజు. సార్ ముఖం తెరకు దగ్గరగా పెట్టారు. ఇంకా దగ్గరగా పెట్టారు. ముక్కు గాజుకు ఆనింది. తల పక్కకు తిప్పి చూశారు. "ఏందో తెల్లగా ఉండాది," అన్నారు. నా దగ్గర పనిచేసే పిల్లలంతా పనులు వదిలి చుట్టూ చేరారు. నేను గబగబా మాట్లాడడం మొదలుపెట్టాను, ఇదిగో ఇక్కడ మెట్టు, ఇక్కడ అంచు, ఇక్కడ అంచు మూల తిరిగింది అని. ఆయన ఆపి, ఈ మిషను ఎలా పనిచేస్తుందో చెప్పమన్నారు. చెప్పాను. ఒక సూది ఉంటుంది సార్, కొన మీద ఒక్క అణువు ఉండేంత సన్నది. అది లోహాన్ని తాకీ తాకనట్టు పైన తిరుగుతూ ఎత్తుపల్లాలు పసిగడుతుంది, దాన్ని కంప్యూటరు బొమ్మగా మారుస్తుంది.

"అయితే మీ మిషనుకు గూడా కండ్లు ల్యావు," అన్నారు సార్. "తడుముకోనే సెప్తాండాది."

అందరూ నవ్వారు, ఆయనతో సహా. కానీ క్యాంటీనులో ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో ఆ నవ్వు లేదు. ఇడ్లీ తుంచి అలాగే పట్టుకుని, "ఆలస్యం సేసినానమ్మా," అన్నారు. ఒక్కసారి నిజందాన్ని చూసి, అవును, నేను పిల్లోళ్ళకు సెప్పింది ఇదే, అబద్ధం సెప్పలా అనుకుందామని ఉండె, అన్నారు. అమ్మగారు పైట కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద, షుగరు మీద, ఆయన దిద్దుతూ కూర్చున్న ఆ పేపర్లన్నిటి మీద. వాళ్ళను రైలెక్కించి వచ్చాక కూడా ఆ కోపం తగ్గలేదు.

కోపంలో ఉన్నప్పుడే నాకు బుర్ర పనిచేస్తుంది. మిషను తడుముకుని చెబుతున్నప్పుడు, సార్ తడుముకుని ఎందుకు చూడకూడదు?

మా నాయన ఎమ్మిగనూరులో నేత నేస్తాడు. దుప్పట్లు, తువ్వాళ్ళు. ఊళ్ళో చేతిమగ్గాలు తగ్గిపోయినా ఆయన మగ్గం ఆగలేదు. మగ్గం మీద కొత్త బొమ్మ ఎక్కించాలంటే ముందు గళ్ళ కాయితం మీద గీస్తారు, ఒక్కో గడికి ఇంత నూలు అని లెక్క. నేను తెర మీది బొమ్మను ముందు పెట్టుకుని గళ్ళ కాయితం మీద గీశాను. ఒక్కో గడి ఒక్కో ప్లాటినం అణువు. అట్టడుగున సన్న నూలు, దానిపైన మూడు మెట్లు, ఒక్కో మెట్టుకూ ఇంకాస్త ముతక నూలు. చేత్తో తడిమితే ఎక్కడ ఎక్కుతున్నామో తెలియాలి. గ్యాసు వేయలేదు, ఉట్టి లోహమే. మా నాయనకు సంగతి చెప్పాను. "సారుకా?" అన్నాడు, అంతే. ఉన్న పని పక్కన పెట్టి తెల్లటి నూలు మగ్గానికి ఎక్కించాడు.

పని అయ్యాక నేనే ఎమ్మిగనూరు పోయి, మడిచి పెట్టిన ఆ గుడ్డను మడతలోనే తీసుకుని ఆదోని వెళ్ళాను. సార్ చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నారు. ఒళ్ళో పరిచాను. ఆయన వేలు మెల్లగా చదునులో నడిచి, అంచుకు తగిలి, ఆగింది. ఆ ముఖం నేను మరచిపోలేను. "తగిలింది," అన్నారు. ఇక ఆ అంచు వెంట వేలు పోనిచ్చారు, ఈ కొస నుంచి ఆ కొసకు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకు. కనుబొమలు ముడిపడ్డాయి.

"దీన్ని ఎవరు సరిజేసినారు?" అని అడిగారు.

నేను అప్పుడు చూశాను. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి మూడు అంచులూ. నిజం ప్లాటినం అంచు అలా ఉండదు. ఒక అణువు ముందుకు, ఒకటి వెనక్కి, అక్కడక్కడా చిన్న చిన్న మూలలు తిరుగుతూ వంకరటింకరగా పోతుంది. నేను గీసింది అలాగే. వెంటనే మా నాయనకు ఫోన్ చేశాను. ఆయన గొంతులో గర్వం చూడాలి. "నువ్వు గీసేటప్పుడు సెయ్యి వణికినట్టుండాది తల్లీ. వంకరలన్నీ సరిజేసి నేసినా. సారుకు నచ్చిందా?"

సార్ ఆ మాట విని ఎంత నవ్వారంటే వంటింట్లోంచి అమ్మగారు పరిగెత్తుకొచ్చారు. నేను పోనీలెండి సార్, మెట్టు అయితే తెలిసింది కదా అన్నాను. నవ్వు ఆపి, "ఇంత తిన్నగా ఉంటే గ్యాసు వచ్చి యాడ కూర్చుంటాది? పా, ఎమ్మిగనూరు పోదాం," అన్నారు. డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడని అమ్మగారు గుర్తు చేశారు. ఎమ్మిగనూరు ప్రయాణం కాదు, పక్క వీధి అన్నారు ఆయన. మంకుపట్టు పడితే ఇక అంతే, చెప్పి లాభం లేదు.

సార్ మా ఇంటికి రావడంతో మా నాయన కంగారు పడిపోయాడు. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక మగ్గం పక్కన ఉన్న తన పీటే వేశాడు. చుట్టుపక్కల నేతగాళ్ళు కూడా వచ్చి చేరారు. విషయం విన్నాక మా నాయన ముఖం మాడిపోయింది. ఆయనకు సార్ అంటే ఎంత గౌరవమో నాకు తెలుసు. కానీ ఆ మాటకు మాత్రం ఒప్పుకోలేదు. ఊహ తెలిసినకాడి నుంచి అంచు వంకర పోకూడదని నేర్చుకున్నోణ్ణి, వంకర పోయిందని మా అబ్బ చేతిలో దెబ్బలు తిన్నోణ్ణి, ఇప్పుడు నా మగ్గం మీదనుంచి వంకర అంచు దిగితే నలుగురూ ఏమంటారు సారూ అన్నాడు. ముసలితనానికి కండ్లు పోయినాయి అంటామన్నా, అని వెనకనుంచి ఒకాయన అందించాడు. సార్ అటు తిరిగి, "కండ్లు పోయింది నాకప్పా, ఆయనకు గాదు," అనేసరికి అతను నాలుక కరుచుకున్నాడు.

సార్ మా నాయన రెండు చేతులూ వెతికి పట్టుకున్నారు.

"చదునులో నడిమధ్య ఉండే అణువుకు సుట్టూ పక్కోళ్ళే. రెండు సేతులూ పట్టుబడినాయి. అంచులో ఉండేవానికి ఒక పక్క ఖాళీ," అని మా నాయన చెయ్యి ఒకటి వదిలారు. "మూల తిరిగిన కాడ ఉండేవానికి ఇంకా ఖాళీ." రెండోది కూడా వదిలారు. "గాల్లో పోయేదాన్ని ఎవురు పట్టుకుంటారు సెప్పు? సెయ్యి ఖాళీగా ఉన్నోడే గదా."

మా నాయన ఖాళీగా మిగిలిన తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. "అంటే ఆ వంకర తప్పు గాదంటావు సారూ."

"తప్పు గాదప్పా. ఉండే పనంతా జరిగేది ఆడనే."

మా నాయన లేచి, గూట్లోంచి నా గళ్ళ కాయితం తీసి, దుమ్ము దులిపి, వెలుగులో పట్టుకుని మళ్ళీ మొదటినుంచి చూశాడు. "సరే తల్లీ," అన్నాడు నాతో. "ఈసారి నీ సెయ్యి యాడ వణికింటే నేనూ ఆడనే వణికిస్తా."

చెప్పినంత సులభం కాలేదు. తిన్నగా పోవడానికి అలవాటు పడిన చెయ్యి మాట వినదు కదా. వంకర ఉన్న ప్రతిచోటా నూలు చేత్తో తిప్పాలి. తిప్పుతూ తిప్పుతూ ఏమరుపాటున మళ్ళీ సరిచేసేవాడట. ఊడదీసి మళ్ళీ నేసేవాడట. ఈలోగా ఆదోనిలో సార్‌కు డయాలిసిస్ మొదలైంది. నాకు భయం పట్టుకుంది. తొందరగా కానీయ్ నాయనా అని ఫోన్‌లో అరిచాను. తొందరగా కావాలంటే తిన్నగా నేసిస్తా, తీసుకుంటావా అని ఆయన నా మీదే లేచాడు. ఆ తండ్రికి ఈ కూతురు మరి.

గుడ్డ దిగిన రోజు నేను బెంగళూరులో ఉన్నాను. మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తానే ఆదోని తీసుకుపోయాడు. అక్కడ జరిగింది ఆయన చెబితే విన్నాను. సార్ వేలు అంచు వెంట పోయి, మొదటి మూల దగ్గర ఆగిందట. మూల తిరిగి, రెండో మూల దగ్గర మళ్ళీ ఆగిందట. అలా మూడు అంచులూ కొసదాకా తడిమారట. ఆ తర్వాత, "ఇదేనప్పా. ఇన్నేండ్లూ నేను గీసింది ఇదే," అన్నారట. మా నాయన నాకు ఇది చెప్పి, "సారు ఏడ్చినాడమ్మా, నేను గోడ తట్టు సూసినా," అన్నాడు. గోడ వైపు ఎందుకు చూశాడో నేను అడగలేదు.

ఆ గుడ్డ తర్వాత సార్ మళ్ళీ మాస్టారు అయిపోయారు. డయాలిసిస్‌కు పోతే అదీ వెంట పోయేది. పక్క మంచంలో కౌతాళం రైతు ఒకాయన ఉండేవాడట, సగం కన్నడం, సగం తెలుగు. ఆయన వేలు పట్టుకుని మెట్టెక్కించి, దించి, గ్యాసు ఎక్కడ కూర్చుంటుందో చెప్పించేవారట. పాస్టరు గారికి చెప్పారు, పాలు పోసే అమ్మకు చెప్పారు. ఆదివారం నాకు వచ్చే ఫోన్లు కూడా మారిపోయాయి. ఒకసారి గొంతు తగ్గించి, రెండో మెట్టు మీద ఒక అణువు వేలికి తగలడం లేదు, ఇది నిజమా, మీ నాయన పనా అని అడిగారు. బొమ్మ తీసి చూశాను. అణువు ఉంది. మా నాయన ఒక పోగు వదిలేశాడు. సంగతి తెలిసి మా నాయన సిగ్గుతో చచ్చిపోయి, సరిచేసిస్తాను పంపండి అని కబురు పెట్టాడు. సార్ పంపలేదు. నిజం లోహంలో కూడా అట్లా ఖాళీలు ఉంటాయి, ఉండనీ అన్నారు. నా దగ్గర డాక్టరేటు చేస్తున్న పిల్లలకు ఈ కథ చెప్పి, మీరెవరైనా మీ శాంపిల్‌ను ఇంత శ్రద్ధగా చూశారా అని దెప్పుతుంటాను.

సార్ పోయాక ఆదోనిలో ఆయన ఇంట్లో, ఆయన్ను తలచుకుంటూ ఆదరణ కూడిక జరిగింది. నేనూ మా నాయనా వెళ్ళాం. వాకిట్లో షామియానా వేసి కుర్చీలు వేశారు. ఆయన శిష్యులే సగం మంది, పత్తి వ్యాపారం చేసేవాళ్ళు, బడిపంతుళ్ళు, బస్సు నడిపేవాళ్ళు. పాటలు పాడారు, వాక్యం చదివారు. నన్ను మాట్లాడమంటే లేచి నిలబడ్డాను గానీ, థాంక్స్ సార్ అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. అది చాలదని తెలుసు. ఇన్ని పేజీలు రాసినా చాలదని ఇప్పుడూ తెలుసు.

అందరూ భోజనాలకు లేచాక అమ్మగారు మమ్మల్ని లోపలికి పిలిచి, సార్ దిండు పక్కనుంచి ఆ గుడ్డ తీసుకొచ్చారు. చివరి రోజు కూడా ఆయన చేతిలోనే ఉందట. "బాగా మాసిపోయిందన్నా," అన్నారామె మా నాయనతో, మొహమాటంగా. ఉతికి, ఇస్త్రీ చేసి మీకు చూపిద్దామనుకున్నాను, వచ్చేపోయే జనంతో తీరిక దొరకలేదు, రేపు ఉతుకుతాను అన్నారు.

మా నాయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి మోకాళ్ళ మీద పరిచాడు. నేను వెనక నిలబడి చూశాను. వెడల్పాటి చదును భాగమంతా మగ్గం మీదనుంచి దిగిననాటి తెలుపే, ఒక్క మరక లేదు. అంచుల వెంట మాత్రం సన్నగా గోధుమరంగు గీత. అంచు మూల తిరిగిన ప్రతిచోటా ఆ రంగు చిక్కబడి, వేలికొసంత మచ్చ. గ్యాసు వదిలిన కాసేపటికి మా తెర మీద వచ్చే బొమ్మ ఇదే. నేను ఎన్నోసార్లు చూశాను.

తన చేతి గుడ్డ మీద చిన్న మరక కనబడినా ఊరుకోని మనిషి మా నాయన. మూడు అంచులనూ ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు. తర్వాత అంచులు మడత పడకుండా మెల్లగా చుట్టి, రెండు చేతులతో అమ్మగారికి తిరిగి ఇచ్చాడు.

"దీనికి నీళ్ళు తగలనీయద్దమ్మా," అన్నాడు.